ఋణవిముక్తి – పురుషప్రయత్నము



యక్షప్రశ్నలు మీరందరూ విన్నవే. సంతోషంగా ఉండేవాడు ఎవడని యక్షుడు అడిగినప్పుడు ధర్మరాజు ధనవంతుని పేరు చెప్పలేదు, మహారాజు పేరూ చెప్పలేదు. అయిదవనాడో ఆరవనాడో అయినా సరే, తన ఇంట్లో తాను కాసింత ఆకుకూర వండుకొని తినేవాడు, అప్పు లేనివాడు, పొట్టకూటికై పరదేశం పట్టనివాడు సుఖి అని చెప్పాడు. ఈనాడు ఆర్థిక స్వావలంబన అని మనం అంటున్న దానికి పెద్దలు వాడిన మాట అనృణత్వం. అథర్వవేదం ఆరవ కాండలో అప్పు నుండి విముక్తి కొరకే సూక్తాలున్నవి. ఇహంలోను పరంలోను ఋణం లేకుండా ఉండాలని అక్కడి ప్రార్థన.

అయితే, ఆ ఆరవనాటి కూర కూడ అప్పు చేసి వండుకొనే గతి ఒకనికి పట్టిందంటే దానికి కారణమెవరు? వాని సోమరితనమా? కాలమా? ఈ ప్రశ్నకు ఋగ్వేదం పదవ మండలంలో రెండు సూక్తాలను పక్కపక్కన పెట్టుకొని చూడవలసి ఉన్నది.

ముప్పైనాలుగవది అక్షసూక్తం. అందులో జూదరి తన కథను తానే చెప్పుకొంటాడు. భార్య దూరమైంది, తల్లి కుమిలిపోతున్నది, తాను అప్పులపాలై రాత్రివేళ బెదురుతూ పరుల ఇండ్లకు పోతున్నాడు. పాచికలు వదలి పొలం దున్నుకో, ఉన్నదానితో తృప్తి పడు అని చివరకు వానికి ఉపదేశం. నూటపదిహేడవది భిక్షువు అనే ఆంగిరస ఋషి దర్శించినది. ఆకలి ఒక్కటే దేవతలు పెట్టిన మృత్యువు కాదు, కడుపు నిండినవాడూ పోతాడు, సంపద రథచక్రంలా ఒకని నుండి మరొకనికి తిరుగుతూ ఉంటుంది, ఒంటరిగా తినేవాడు పాపాన్నే తింటున్నాడు అని దాని తాత్పర్యం.

మొదటి సూక్తం పడిపోయినవానికి, రెండవది నిలబడి ఉన్నవానికి. ఈ చిన్న భేదం తెలియడానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి. ఎట్లా తెలిసిందో దాచకుండా మనవి చేస్తాను.

కోనసీమలో మా తండ్రిగారి నుండి నాకు రెండెకరాల మాగాణి సంక్రమించింది. దానిని ఒక రైతు ఎకరాకు 12 బస్తాల చొప్పున కౌలుకు చేసేవాడు. 1996 నవంబరు 6న వచ్చిన పెనుతుఫాను మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కొబ్బరిచెట్లు నేలకొరిగాయి, కోతకు వచ్చిన చేలు నీటిలో పడుకొన్నాయి. అయినా ఆ యేడు నా 24 బస్తాలకు లోటు రాలేదు. పండినవి 11 బస్తాలే గనుక తక్కిన వాటికి అతడు రొక్కం తెచ్చి ఇచ్చాడు. ఎక్కడిదని నేను అడగలేదు. వేదం చదువుకొన్న మావంటివారికి చెప్పడం అలవాటు గాని అడగడం అలవాటు లేదు.

మరుసటి యేడు అప్పుల బాధ అంటూ అతడు నా అరుగు మీద కూర్చున్నాడు. సంక్రాంతినాడు అతడు పేకాడుతూ ఉండగా నేను ఒకసారి చూచి ఉన్నాను. ఇంకేమున్నది! అక్షసూక్తం మొదటినుండి చివరిదాకా విప్పి చెప్పాను. నీ దారిద్ర్యానికి నీవే కారణం నాయనా అన్నాను. అతడు తల వంచుకొని విని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకు, కూతురి పెండ్లికి ముహూర్తం చూడమని పిలిస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తిథులు వ్రాసుకోవడానికి కాగితం అడిగితే పిల్లవాని బడి నోటుపుస్తకం ఇచ్చారు. దాని వెనుక పుటలలో ఇంటి లెక్కలున్నాయి. అప్పు 4,000. నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 120. కింద ఒక మూల 'పేకలో పోయినవి 60' అని కూడ వ్రాసుకొన్నాడు. ఆ నాలుగు వేలకు ఎదురుగా 'అయ్యగారి కౌలు' అని ఉన్నది.

నా నోట మాట రాలేదు. నేను పాపమని తిట్టిన జూదం పదిహేను రోజుల వడ్డీకి సమానం. అతని అప్పు నా ఇంటి గాదె నింపడానికి చేసినది!

ధర్మశాస్త్రం చదివిన నాకు ఆ వడ్డీయే తప్పని తెలియదా? నెలకు అసలులో ఎనభయ్యవ భాగం, అంటే నూటికి రూపాయి పావలా న్యాయమని మనువు వసిష్ఠుని మతంగా చెప్పాడు. కౌటిల్యుడూ అంతే చెప్పాడు. ఆ లెక్కన నెలకు 50 రూపాయలే. వర్ణాన్ని బట్టి వడ్డీ పెంచే మాట కూడ మనుస్మృతిలో ఉన్నది. దానిని నేను సమర్థించను, దాచను. కాని ఒక్కసారిగా పుచ్చుకొనే వడ్డీతో అసలు రెట్టింపును మించరాదన్న కట్టడి ఎంత గొప్పదో చూడండి. 2010లో సూక్ష్మఋణ సంస్థల వసూళ్ళు దుర్భరమైనప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సులో కూడ వడ్డీ అసలును మించరాదనే నియమం ఉన్నది. అర్థశాస్త్రంలో మరొక మాట. సేద్యపు పనుల వేళ అప్పు కొరకు రైతును పట్టుకోరాదు. బాకీ రద్దు చేయమని కాదు, చేను చేసుకోనిమ్మని. వాడు ప్రయత్నం చేయడానికి చోటు మిగల్చమని!

పురుషప్రయత్నం లేనిదే ఏదీ సిద్ధించదు, నిజమే. అయితే ఆ ప్రయత్నానికి చోటుండాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకొక రూపాయి దాచుకొనే పొదుపులక్ష్మి ఉద్యమం వ్యాపించింది. ఆ తల్లులకు పొదుపు గుణం ముందు లేక కాదు. కూలి డబ్బు దుకాణం దాటి ఇల్లు చేరితే గదా దాచుకొనేది! దుకాణం దానంతటది మూతపడలేదు, వాళ్ళే మూయించారు. వారి పట్టుదల, తొలగిన అడ్డంకి, ఈ రెంటిలో ఏది ముందని నన్నడిగితే విడదీసి చెప్పలేను.

భిక్షుసూక్తం చివర ఒక పోలిక వస్తుంది. రెండు చేతులు ఒక్కతీరుగా ఉన్నా ఒక్కతీరుగా పనిచేయవు, ఒకే తల్లికి పుట్టిన ఆవులు సమంగా పాలివ్వవు, కవలలకైనా బలం సమం కాదు. దాతలలోని తారతమ్యం చెప్పడానికి ఋషి తెచ్చిన ఉపమానాలివి. శ్రమించే వారి ఫలితాలకూ ఇవి వర్తిస్తాయని నా తలపు. ఒకే తుఫాను, నా గాదె నిండింది, అతని గాదె ఎండింది.

మరునాడు 4,000 రూపాయలు పట్టుకొని అతని ఇంటికి వెళ్ళాను. చాలాసేపు పుచ్చుకోలేదు. చివరకు తీసుకొని, అందులోనుంచి 60 రూపాయలు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. "పేకలో పోయింది మట్టుకు నా తప్పేనండి అయ్యగారూ, అది మీరు ఇవ్వకూడదండి" అన్నాడు. ఆ 60 రూపాయలు తీసుకొని వచ్చాను. కాదనడానికి నాకు అధికారం లేదనిపించింది.

తరువాత అతడు పేక ముట్టగా నేను చూడలేదు. ఆ చేను ఇప్పుడు అతని కుమారుడు చేస్తున్నాడు. కౌలు ఎంత అన్నది కోత అయిన తరువాత, ఇద్దరం కళ్ళం దగ్గర నిలబడి, రాశి చూచి అనుకొంటాము.