ప్రకాశం గారు దాచని సంగతులు

తుపాకీకి రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు అందరికీ తెలుసు. మరి నాటకాల్లో ఆడవేషం కట్టిన ప్రకాశం? ఇది ఎవరో కూపీ లాగిన సంగతి కాదు. తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో ఆయనే రాసుకున్నారు.

తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపారు. అదీ రాశారు. కొడుకు పరీక్ష ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో లేవు. ఆ తల్లి పట్టుబట్ట తాకట్టు పెట్టింది. అదీ దాచలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషండీ! గొప్పలదేముంది, ఎవరైనా చెబుతారు. మన గురించి నలుగురికీ చెప్పుకోవాలంటే ఇలాంటివే చెప్పుకోవాలని నాకనిపిస్తుంది. కాస్త తీరిక చూసుకుని ఆ పుస్తకం మొదటి ప్రకరణాలు చదవండి.