కారు ఇన్సూరెన్స్ మారుస్తున్నారా? 'లేదు' నొక్కేముందు చూడండి

కొత్త కంపెనీ యాప్ "పోయినేడాది క్లెయిమ్ చేశారా?" అని అడుగుతుంది కదా, అక్కడ డిస్కౌంట్ కోసం కొందరు 'లేదు' అని నొక్కేస్తారు. అది ఉత్త బటన్ కాదండీ, మీరిచ్చే డిక్లరేషన్.

నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాదికి 20 శాతం, వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50. అదీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీకి రాదు. రుజువంటే పాత కంపెనీ రెన్యువల్ నోటీసు, లేకపోతే వాళ్లిచ్చే ఎన్‌సీబీ లెటర్. కొత్తవాళ్లు పాతవాళ్లని అడిగి కనుక్కుంటారు.

అబద్ధమని తేలితే? నవంబర్ వానలకి కాళంగి పొంగి సూళ్లూరుపేటలో మీ బండి మునిగిందనుకోండి, ఆ రిపేర్ బిల్లు మొత్తం మీ నెత్తినే పడొచ్చు.

చెన్నైలో సెకండ్ హ్యాండ్ కొన్నారా? పాత ఓనర్ బోనస్ మీకు రాదు, అది బండిది కాదు, మనిషిది. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే మీదీ పోతుంది. డేట్ ఇప్పుడే చూసుకోండి.