కుట్టు నేర్పే మనిషికి ఎంత ఇవ్వాలి?

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించీ, దాణా గురించీ ఈ వేదిక మీద చాలా విన్నారు. ఈవేళ మేము మరో సంగతి మీ ముందు పెట్టదలిచాము. మన సంఘాల్లో ఆడవారికి కుట్టుపని, అల్లికపని, పాతరగడ్డి వేయడం నేర్పే తరగతులు పెడుతున్నాము. తరగతి పెడదామంటే అందరూ సరేనంటారు. మిషన్లు కొందామన్నా సరేనంటారు. ప్రారంభోత్సవానికి పూలదండలకు కొదవ ఉండదు. నేర్పేవారికి నెలకు ఎంత అనేసరికి మాత్రం అందరూ నేల చూపులు చూస్తారు. "ఆవిడ మన ఊరావిడే గదా, సేవగా చెబుతుంది లెండి" అంటారెవరో. రెండు నెలలకు ఆవిడ రావడం మానేస్తుంది. మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంటుంది.

ఈ అలవాటు మన సంఘాలతో మొదలైంది కాదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం ఆరంభమైనప్పుడు బోధకుడికి పెట్టిన గౌరవ వేతనం నెలకు 50 రూపాయలు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడింది. ఆ తర్వాత జిల్లాల్లో సాగిన ఉద్యమాల్లో చదువు చెప్పినవారు చాలావరకు జీతం లేని స్వచ్ఛంద సేవకులే. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమమూ వారినే నమ్ముకుంది. వారి కృషిని మేము తక్కువ చేయము. నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దిన స్త్రీలు సారా దుకాణాలు మూయించేదాకా వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

అయితే అక్షరాలు నేర్పడం కొన్ని నెలలు ఉత్సాహం మీద నడుస్తుంది. చేతిపని అలా నడవదు. జాకెట్టు సంగతే చూడండి. మొదటి వారం పాత వార్తాపత్రిక మీద గీసి కత్తిరించడం. ఆ తర్వాత పాత చీర ముక్క. అసలు గుడ్డ మీద కత్తెర పెట్టేసరికి నెల దాటుతుంది. అప్పుడు వస్తుంది చేతులు అతికే పని. చంక దగ్గర గుడ్డ ముడతపడుతుంది. విప్పాలి, మళ్లీ కుట్టాలి, మళ్లీ విప్పాలి. తొందరపడే బోధకురాలు "ఇలా ఇవ్వమ్మా" అని తానే కుట్టేసి ఇస్తుంది. జాకెట్టు బాగుంటుంది గానీ నేర్చుకునే ఆవిడకు పని రాదు. మంచి బోధకురాలు తన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, విప్పమని చెబుతుంది. ఆ ఓపిక పెద్ద విద్య. యాభై ఏళ్ల ఆవిడను పదిమందిలో చిన్నబుచ్చకుండా తప్పు చూపడం మరో విద్య. కత్తిరింపు బాగా వచ్చిన వారందరికీ ఇవి రావు. వచ్చినవారు దొరికితే వారిని నిలుపుకోవాలి. వారికీ ఇల్లు గడవాలి. మన దగ్గర చెప్పే మూడు గంటల్లో వారు బయట రెండు జాకెట్లు కుట్టుకుంటే వచ్చే డబ్బు ఉంది గదా, కనీసం అదైనా మనం ఇవ్వకపోతే ఎలా?

పని ఒక్కటే నేర్పితే చాలదు. నరసాపురం ప్రాంతపు లేసు అల్లిక దేశదేశాలకు వెళ్లింది. అల్లిన ఆడవారికి మాత్రం ఎన్నో ఏళ్లు దక్కింది స్వల్పమైన కూలీయే, లాభం దళారుల పాలయింది. అందుకే దారం ఖరీదు, పట్టిన గంటలు, అమ్మకపు ధర కూడా తరగతిలోనే రాయించాలి. మన పాల చీటీలో లీటర్లు, వెన్న, ధర చదవగలిగిన ఆవిడకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఇంకా చదవలేని ఆవిడకు ఆ చీటీయే వాచకం.

డెన్మార్కు పేరు మీరు పాడి పుస్తకాల్లో చూసే ఉంటారు. అక్కడ 1844లో రోడింగ్ అనే ఊళ్లో పెద్దవారికోసం మొదటి జానపద పాఠశాల వెలిసింది. గ్రుండ్‌విగ్ అనే మతాచార్యుడి భావాలు దానికి పునాది. పరీక్షలు లేవు. పొలం పనులు తగ్గే చలికాలంలో రైతు యువకులు వచ్చి అక్కడే ఉండి చదువుకునేవారు. 1882లో యెడింగ్ గ్రామంలో ఆ దేశపు మొదటి సహకార పాల కేంద్రం వచ్చింది. తర్వాత ఊరూరా లేచిన సంఘాలను నడిపిన వారిలో ఎందరో ఆ పాఠశాలల్లో చదివినవారే. పాల సంఘానికి పెద్దల చదువుతో ఉన్న చుట్టరికం అంత పాతది. అంతర్జాతీయ సహకార సమితి 1995లో ప్రకటించిన ఏడు సూత్రాల్లో అయిదవది విద్య, శిక్షణ, సమాచారం.

ఇక మీతో మా మనవి. ఉదయం పాలు పోసి, ఇంటి పని ముగించుకుని, సాయంత్రం పితికే వేళకు ముందు మన ఆడవారికి దొరికేది మధ్యాహ్నం కొద్ది గంటలే. తరగతి అప్పుడే పెట్టండి. పాల కేంద్రం గది ఆ వేళకు ఖాళీగానే ఉంటుంది. సూది, దారం, పాడయ్యే గుడ్డ ఖర్చు సంఘం భరించాలి. గుడ్డ పాడు కాకుండా కుట్టు నేర్చినవారిని మేము ఇంతవరకు చూడలేదు. బోధకురాలిని ఎంచేటప్పుడు సర్టిఫికెట్ అడగండి, తప్పులేదు. దానితో పాటు ఒక పూట తరగతి చెప్పించి, ఆవిడ చేతులు ఒళ్లో ఉన్నాయో, నేర్చుకునే వారి మిషన్ మీద ఉన్నాయో చూడండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టండి. నెలకు ఎంత ఇస్తారో, ఏ తేదీన ఇస్తారో మినిట్సు పుస్తకంలో రాయించండి. పాల బిల్లు ఇచ్చే రోజునే ఆవిడ డబ్బూ ఇచ్చేస్తే కార్యదర్శికి వేరే జ్ఞాపకం పెట్టుకునే పని ఉండదు.