రాజసభ తరువాతి 13 ఏళ్ళు

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి దేశానికి వలస వెళ్ళినవారి అనుభవాలను పిల్లలకు ఎలా బోధించాలన్నది నేటి మన చర్చనీయాంశం. ఇందుకోసం ఎక్కడో వెతకవలసిన అవసరం లేదు. మన ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటున్న హబషా హిజ్రత్ గాథ ఒక్కటి చాలు. అయితే ఆ గాథను మనం సగమే చెబుతున్నాం.

ఆ సగం అందరికీ తెలిసిందే. మక్కాలో హింస భరించలేని స్థాయికి చేరినప్పుడు, సుమారు 615వ సంవత్సరంలో, దైవప్రవక్త (స) తన సహచరులను సముద్రం దాటి హబషాకు వెళ్ళమన్నారు. అది నేటి ఇథియోపియా ప్రాంతం. ఖురైషులు కానుకలతో దూతలను పంపి, వెళ్ళినవారిని తమకు అప్పగించాలని కోరారు. క్రైస్తవుడైన నజాషీ రాజు ఒక పక్షం మాటే విని తీర్పు చెప్పలేదు. శరణార్థులనూ సభకు పిలిపించాడు. హజ్రత్ జాఫర్ (రజి) లేచి తమ సంగతి వివరించారు. రాజు కానుకలను తిప్పి పంపి, శరణు కోరినవారికి అభయమిచ్చాడు. ఇక్కడితో మనం కథ ముగిస్తాం. పిల్లలు నిశ్చింతగా నిద్రపోతారు.

కానీ జాఫర్ గారి కుటుంబం మదీనా చేరింది 628లో. రాజసభ కొద్ది గడియల ఘట్టం. పరాయి నేల మీద గడిపిన జీవితం దాదాపు 13 ఏళ్ళు. వలస అంటే ఏమిటో బిడ్డకు తెలియాలంటే ఆ 13 ఏళ్ళ గురించి చెప్పాలి.

జాఫర్ గారి సతీమణి అస్మా బిన్త్ ఉమైస్ (రజి) అక్కడే ముగ్గురు కుమారులను కన్నారు. ఆమెకు పురుడు పోసినవారు ఏ భాషలో ధైర్యం చెప్పి ఉంటారు? ఆ పిల్లలు వీధిలో ఏ భాషలో ఆడుకొని ఉంటారు? ‘అమ్మా, మన ఊరు ఏది?’ అని అడిగితే ఆ తల్లి ఏమని జవాబిచ్చి ఉంటుంది? ఈ ప్రశ్నలను పిల్లల ముందుంచి, వారినే ఆలోచించనివ్వండి. జవాబు మనం అందించనక్కరలేదు.

తిరిగి వచ్చాక జరిగిన సంగతిని మరీ ముఖ్యంగా చెప్పాలి. మదీనాలో హజ్రత్ ఉమర్ (రజి) ఆమెను చూసి, హబషా నుండి వచ్చిన ఆవిడేనా, సముద్రం దాటి వచ్చిన ఆవిడేనా అని అడిగారు. హిజ్రత్‌లో మీకంటే మేమే ముందున్నామన్నారు. అస్మా (రజి) ఊరుకోలేదు. మీరు ప్రవక్త సన్నిధిలో ఉన్నారు, మీలో ఆకలిగొన్నవారికి ఆయన అన్నం పెట్టారు, మేము మాత్రం పరాయివారి మధ్య, దూరదేశంలో బాధలు పడ్డామని బదులిచ్చారు. విషయాన్ని నేరుగా ప్రవక్త (స) ముందుంచారు. ఆయన తీర్పు స్పష్టంగా ఉంది: ఉమర్‌కు, ఆయన సహచరులకు ఒక హిజ్రత్, ఓడలో వచ్చిన మీకు రెండు. ఆ తీర్పును ఆమె నోట వినడానికి ఓడవారు గుంపులు గుంపులుగా వచ్చారట. పడిన కష్టాన్ని తనవారే తక్కువ చేస్తే ఎంత నొప్పి కలుగుతుందో, న్యాయం అడగడం తప్పు కాదని ఎలా తెలుస్తుందో ఈ ఒక్క ఘట్టం చెబుతుంది.

ఇంకొక ఘట్టం మన బడిపిల్లల వయసుకు సరిగ్గా సరిపోతుంది. ఉమ్మె ఖాలిద్ (రజి) హబషాలో పుట్టిన చిన్నారి. ఆమె మదీనా వచ్చాక ప్రవక్త (స) ఒక చిన్న నల్లని వస్త్రాన్ని స్వయంగా ఆమెకు తొడిగారు. దాని మీది అద్దకాన్ని చూపిస్తూ ‘సనా’ అన్నారు. హబషా భాషలో ఆ మాటకు ‘బాగుంది’ అని అర్థం. కొత్తగా వచ్చిన బిడ్డను ఆ బిడ్డ పుట్టిన దేశపు మాటతో పలకరించారు.

మరి మనం ఏం చేస్తున్నాం?

2017 జూలై నుండి సౌదీ అరేబియాలో ప్రవాసుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలైంది. అది ఏటా 100 చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న కార్మికుడు నెలకు 1,600 రియాళ్ళు కట్టాలి. ఆ భారం మోయలేక ఎందరో తమ కుటుంబాలను వెనక్కి పంపారు. హైదరాబాదుకు, నిజామాబాదుకు, కడపకు పిల్లలు చదువు మధ్యలో వచ్చిపడ్డారు. మాకు తెలిసిన ఒక బడిలో, జిద్దాలో పుట్టి పెరిగిన బాలుడు తెలుగు అక్షరాలు రాక మూడు నెలలు చివరి బెంచీలోనే కూర్చున్నాడు. తోటివారు అతనికి ‘సౌదీ’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది పరాయివారు కాదు, మన పిల్లలే. మేమూ ఆ మూడు నెలలు గమనించలేదు. ఈ తప్పును మీ ముందు ఒప్పుకుంటున్నాం.

బాలాపూర్ వైపు నివసించే రోహింగ్యా బిడ్డల పరిస్థితి ఇంతకంటే కఠినం. వారికి వెనక్కి వెళ్ళడానికి ఊరే లేదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. చట్టంలోని ఈ మాటను బడి గడపలో నిలబడి చెప్పగలిగేలా కార్యకర్తలు సిద్ధం కావాలి.

వచ్చినవారిని కలుపుకోవడం మన నగరానికి కొత్త కాదు. నిజాం సైన్యంలో కొలువు కోసం హద్రమౌత్ నుండి అరబ్బులు వచ్చారు. వారి సైనిక బారకాసులే నేటి బర్కస్. వారి హరీస్ నేడు మన రంజాన్ వంటల్లో ఒకటి. బర్కస్ చూపించి ఈ చరిత్ర చెబితే, వలస అంటే తమ ఊరి సంగతేనని పిల్లలకు అర్థమవుతుంది.

చివరగా మూడు విన్నపాలు. హబషా గాథ చెప్పేటప్పుడు రాజసభ దగ్గర ఆపకండి, అస్మా (రజి) మదీనా చేరేదాకా చెప్పండి. గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన తాతనో, మామనో పిల్లలచేత అడిగించండి: మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, మొదట ఏ మాట నేర్చుకున్నారు, పండుగ నాడు ఎవరు గుర్తుకొచ్చారు? ఎంత సంపాదించారన్న ప్రశ్న మాత్రం వద్దు. మూడవది, తరగతిలోకి కొత్తగా వచ్చిన బిడ్డను లేపి నిలబెట్టి తన కష్టాలు చెప్పమనకండి. చెప్పాలనిపించినప్పుడు తానే చెబుతుంది. ముందుగా తోటిపిల్లలను ఆ బిడ్డ భాషలో ఒక్క మాట నేర్చుకోమనండి.

వచ్చే సమావేశానికి మీ పిల్లలు నేర్చుకున్న ఆ మాటలను మాకు వినిపించండి.