ఆ పాప చావుకి బాధ్యులెవరు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీ పక్షాన నిలబడటం మనకి అలవాటైన పని. దానికోసం పోలీసులతో, కుటుంబ పెద్దలతో, కోర్టులతో ఇన్నేళ్లుగా పోట్లాడుతూనే ఉన్నాం. కానీ దెబ్బలు తినే ఆ స్త్రీ ఉన్న ఇంట్లోనే ఒక పిల్ల దెబ్బలతో చచ్చిపోతే ఏం చేస్తాం? ఎవరి పక్షాన నిలబడతాం? ఈ ప్రశ్న మీద అమెరికాలోని స్త్రీవాదులు ఒకరితో ఒకరు తీవ్రంగా విభేదించిన కేసొకటి ఉంది. దాన్ని ఈ రోజు మీ ముందు పెడతాను. అది వాళ్ల గొడవ మాత్రమే కాదని నా అభిప్రాయం.

1987 నవంబరు 2 తెల్లవారుజామున న్యూయార్క్ నగరంలోని గ్రీనిచ్ విలేజ్ నుంచి పోలీసులకు ఫోనొచ్చింది. లీసా అనే ఆరేళ్ల పాపకి ఊపిరి ఆడటం లేదు. తలకి తగిలిన దెబ్బలతో స్పృహలేని ఆ పాప కొద్ది రోజుల్లోనే ఆస్పత్రిలో చనిపోయింది. అదే ఇంట్లో ఏడాదిన్నర కూడా నిండని బాబుని కట్టేసి ఉంచారు. ఆ ఇల్లు మురికివాడలో లేదు. ఇంటాయన జోయెల్ స్టైన్‌బర్గ్ క్రిమినల్ లాయరు. ఆయనతో కలిసి ఉంటున్న హెడ్డా నుస్‌బామ్ ఒక పెద్ద ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాలకి ఎడిటరుగా పనిచేసిన మనిషి. చదువూ డబ్బూ ఉన్న ఇళ్లలో ఇలాంటివి జరగవనే భ్రమ ఇక్కడే పోవాలి.

పోలీసులు వచ్చేసరికి హెడ్డా ఒంటి మీద కూడా దెబ్బలున్నాయి. ముక్కు పగిలి ఉంది, పక్కటెముకలు విరిగి ఉన్నాయి, కాళ్ల మీద పుండ్లు పడ్డాయి. ఏళ్ల తరబడి సాగిన హింస అది. ఆమె కొన్నిసార్లు ఇల్లు వదిలి వెళ్లింది, మళ్లీ తిరిగొచ్చింది.

ముందు ఇద్దరి మీదా హత్య కేసు పెట్టారు. 1988 అక్టోబరులో ప్రాసిక్యూషన్ హెడ్డా మీద అభియోగాలు ఎత్తేసింది. ఆ రాత్రి ఆమె శారీరకంగా, మానసికంగా ఎంత దెబ్బతిని ఉందంటే, ఆమెని నేరస్తురాలిగా లెక్కించలేమన్నారు. డిసెంబరులో ఆమె ప్రాసిక్యూషన్ సాక్షిగా బోనెక్కి చాలా రోజులపాటు సాక్ష్యం చెప్పింది. దేశమంతా దాన్ని టీవీలో చూసింది. ఆమె సాక్ష్యం ప్రకారం, స్టైన్‌బర్గ్ పాపని కొట్టాక భోజనానికి బయటికి వెళ్లాడు. పాప స్పృహ లేకుండా పడి ఉంది. ఇంట్లో ఫోను ఉంది. ఆమె ఫోను చెయ్యలేదు. ఆయన తిరిగొచ్చి బాగుచేస్తానన్నాడు కాబట్టి, తను ఫోను చేస్తే ఆయన మీద నమ్మకం లేనట్టవుతుందని అనుకున్నానంది. ఆయన వచ్చాక ఇద్దరూ కొకైన్ పీల్చారు. తెల్లారేదాకా డాక్టరుని పిలవలేదు.

1989 జనవరి 30న జ్యూరీ స్టైన్‌బర్గ్‌ని హత్యానేరం నుంచి తప్పించి, ఫస్ట్ డిగ్రీ మ్యాన్‌స్లాటర్ కింద దోషిగా తేల్చింది. మన చట్టాల భాషలో దాదాపుగా హత్య కాని నరహత్య అనుకోవచ్చు. జడ్జి ఆ నేరానికి గరిష్ఠంగా ఉన్న శిక్ష వేశాడు: ఎనిమిదేళ్ల నాలుగు నెలల నుంచి ఇరవై అయిదేళ్ల దాకా. 2004లో ఆయన విడుదలయ్యాడు.

ఇక వివాదం. హెడ్డా సర్వం కోల్పోయిన బాధితురాలనీ, ఏళ్ల తరబడి హింసకి గురైన మనిషిలో నిర్ణయం తీసుకునే శక్తి మిగలదనీ కొందరు స్త్రీవాదులు వాదించారు. సూసన్ బ్రౌన్‌మిల్లర్ ఒప్పుకోలేదు. దెబ్బలు తిన్న ప్రతి స్త్రీనీ బాధ్యత లేని మనిషిగా చూపడం స్త్రీలకి గౌరవం కాదనీ, హెడ్డాని వీరవనితని చెయ్యొద్దనీ ఆమె బహిరంగంగా రాసింది.

ఈ రెండు వాదాల్లోనూ నిజం ఉంది. నా ఉద్దేశంలో మనం మూడు ప్రశ్నల్ని కలిపేసుకుంటున్నాం. మొదటిది, చట్టం ముందు నేరం ఎవరిది? రెండోది, నైతిక బాధ్యత ఎవరిది? మూడోది, బయట ఉన్నవాళ్లు ఏం చేశారు? మొదటి ప్రశ్నకి కోర్టు జవాబు చెప్పింది. ప్రాసిక్యూషన్ హెడ్డాని వదిలేసిందంటే ఆమె నిర్దోషి అని ప్రకటించినట్టు కాదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పగల మనిషి ఆమె తప్ప ఇంకెవరూ లేరు. రెండో ప్రశ్నకి హెడ్డా బాధితురాలు అన్న జవాబు సరిపోదు. బాధితురాలే, అయినా ఆ పన్నెండు గంటలూ లీసావి. ఈ రెండు వాక్యాల్నీ ఒకేసారి అనగలగడం మనం నేర్చుకోవాలి.

మూడో ప్రశ్నని అందరూ మరిచిపోతారు. హెడ్డా కేకలు ఇరుగుపొరుగు విన్నారు, ఫిర్యాదులూ చేశారు. 1987 అక్టోబరులో రోడ్డు టోల్ వసూలు చేసే ఉద్యోగి ఒకరు కారులో ఏడుస్తున్న లీసాని చూసి పోలీసులకు చెబితే, వాళ్లు కారు ఆపి, మాట్లాడి, పంపించేశారు. పాప బడికి వెళ్లేది. పైగా లీసాని వాళ్లు చట్టప్రకారం దత్తత తీసుకోనేలేదు. మంచి కుటుంబానికి ఇప్పించమని ఒక పెళ్లికాని అమ్మాయి బిడ్డని లాయరు చేతిలో పెడితే, ఆయన తనే ఉంచేసుకున్నాడు. ఆ తల్లికి బిడ్డ శవంగానే తిరిగొచ్చింది.

ఈ మాట మనకి కొత్త కాదు. 1999లోనూ 2001లోనూ ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ ఆడశిశువుల్ని కొని దత్తతకి పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఇప్పటి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం పద్ధతి ప్రకారం కాని దత్తతనీ, పిల్లల అమ్మకాన్నీ నేరాలుగా చూస్తుంది. అయినా ‘తెలిసినవాళ్లే కదా, పెంచుకుంటారు’ అని బిడ్డని చేతులు మార్చడం మన ఊళ్లలో ఆగిపోలేదు. అలా వెళ్లిన బిడ్డ బతికుందా అని అడిగేవాళ్లు చాలాసార్లు ఉండరు.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుండి, ఒకరి మీద ఒకరు నెట్టుకుంటే ఎవరికీ శిక్ష పడదు. ఈ చిక్కు తీర్చడానికి బ్రిటన్ 2004లో ఒక చట్టం తెచ్చింది. పిల్లకి ప్రమాదం ఉందని తెలిసీ, లేదా తెలియాల్సి ఉండీ, ఆపడానికి తగిన ప్రయత్నం చెయ్యని ఇంటి సభ్యుల్ని కూడా శిక్షించవచ్చు. మొదట పద్నాలుగేళ్ల దాకా ఉన్న శిక్షని 2022లో యావజ్జీవం దాకా పెంచారు. మనకి అలాంటి ప్రత్యేక నేరం లేదు. సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షను వర్తిస్తుంది. చనిపోతే హత్య, నరహత్య సెక్షన్లు.

అలాంటి చట్టం మనకీ కావాలా అని మీరు అడగొచ్చు. నేను తొందరపడను. ‘తగిన ప్రయత్నం’ అంటే ఏమిటో నిర్ణయించేవాళ్లు, తన్నులు తింటున్న స్త్రీకి ఏది సాధ్యమో ఏది కాదో తెలిసినవాళ్లు కాకపోతే, కొట్టినవాడితో పాటు తల్లీ జైలుకి పోతుంది. తండ్రి ఎక్కడున్నాడని ఎవరూ అడగరు, తల్లి ఎక్కడుందని అందరూ అడుగుతారు.

చట్టం సంగతి అలా ఉంచి, మన సంగతి చూద్దాం. చాలా ఏళ్ల కిందట ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో నేనొక స్త్రీ ఫిర్యాదు రాసుకున్నాను. ఆమె దెబ్బలన్నీ వరసగా రాశాను. ఆమె కొంగు పట్టుకుని నిలబడిన పిల్లవాడి చెయ్యి వాచి ఉంది. చూశాను, రాయలేదు. వాడి సంగతి అడిగితే ఆమెని నిందించినట్టవుతుందేమోనని జంకాను. వాడేమయ్యాడో నాకు తెలీదు. ఆ జంకు తప్పని లీసా కేసు చదివాకే అర్థమైంది.

అందుకని అడుగుతున్నాను. మన ఫిర్యాదు ఫారంలో పిల్లల గురించి విడిగా పేజీ పెట్టండి. పిల్లల్ని పక్కకి తీసుకెళ్లి మాట్లాడండి. 2005 గృహహింస చట్టం కింద దరఖాస్తు వేసేటప్పుడు పిల్లల తాత్కాలిక కస్టడీ కూడా అడగండి, 21వ సెక్షను అందుకే ఉంది. ప్రాణాపాయం అనిపిస్తే తల్లి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా 1098కి, బాలల సంక్షేమ కమిటీకి చెప్పండి. ఆమెకి కోపం వస్తుంది. మన దగ్గరికి మళ్లీ రాకపోవచ్చు. ఆ నష్టం భరించాలి. ఆమెకి కోపం తగ్గాక మళ్లీ మాట్లాడొచ్చు. పోయిన పిల్లతో మాట్లాడలేం.