తుపానుగాలి ఎటు తిరుగును?

రజతోత్సవ సభలో నేను కావ్యప్రసంగము చేయుదునని కొందరు తలచియుందురు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘముల లక్షణములతోపాటు వానను కొలుచు పాత్రను గూడ చెప్పెను. కొలత యున్నచోట నాకు మక్కువ హెచ్చు. లెక్కలు వ్రాయువాని బుద్ధి! కావున నేడు గాలివానను గూర్చియే మాటలాడుదును.

తుపానులు రెండు జాతులు. మొదటిది ఐరోపా వంటి చల్లని సీమలది. అచ్చట ఉత్తరపు చలిగాలియు దక్షిణపు వెచ్చగాలియు ఎదుర్కొనును. తేలికయైన వెచ్చగాలి బరువైన చలిగాలిమీదికి వాలుగా ఎక్కి, చల్లబడి, అందలి ఆవిరి నీరగును. అందుచే ముందు ఎడతెగని ముసురు; వెనుకనుండి చలిగాలి తరుముకొని వచ్చునప్పుడు కొద్దిసేపు జడివాన. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన దినములలో నార్వేలోని బెర్గెన్ నగర పండితులు దీనిని విశదపరచిరి. శీతకాలమున పంజాబునకు వానను, హిమాలయములకు మంచును తెచ్చునవి ఈ జాతివే.

మన బంగాళాఖాతపు తుపానునకు రెండు గాలుల తగవు అక్కరలేదు. వెచ్చని సముద్రమే దాని పొయ్యి. ఆవిరి మేఘమగునప్పుడు విడిచిన వేడిమి గాలిని ఇంకను పైకెత్తును. క్రింది లోటు పూడ్చుటకు నలుదెసల గాలి పరుగిడును. భూభ్రమణముచే అది సూటిగా పోక, గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగును. మేఘములును చుట్టలుగా నుండుటచే వాన విడతలు విడతలుగా కొట్టును. నేలమీదికి రాగా ఆవిరి అందక గాలి బలము తగ్గును, వాన వెంటనే తగ్గదు. 2023 డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని ముంచినది గదా!

1857లో బైస్ బాలట్ అను డచ్చి పండితుడు చెప్పిన సూత్రము మనకు మిక్కిలి పనికివచ్చును. గాలికి వీపు పెట్టి నిలువుడు; తుపాను కేంద్రము మీ ఎడమచేతి దిక్కున, కొంచెము ముందునకు ఉండును. గాలి తూర్పునుండి ఆగ్నేయమునకు, దక్షిణమునకు తిరుగుచున్నచో కేంద్రము మీకు పడమటగా పోవుచున్నది. మీరు కుడిప్రక్కన ఉన్నారు. సముద్రమును నేలమీదికి త్రోయు గాలి ఆ ప్రక్కదే. ఈశాన్యమునుండి ఉత్తరమునకు, వాయవ్యమునకు తిరిగినచో ఎడమప్రక్క. అచ్చట గాలి నేలనుండి కడలికి వీచును.

1977 నవంబరు 19న కేంద్రము దాటినది చీరాల దగ్గర. ఉప్పెన ఘోరముగా మ్రింగినది రేపల్లెకు కృష్ణ ఆవలి దివిసీమను. దాదాపు 5 మీటర్ల నీరు లేచినది. ఆ తుపానులో సుమారు 10,000 మంది మడిసిరి. ప్రకటనలో చీరాల పేరు విని, మన ఊరు గాదు గదా అని రేపల్లెవారు నిదురించుటకు వీలులేదు. తెనాలికి కడలి దూరము. అచ్చట భయము ఉప్పెనకంటె గాలికిని, కాలువల పొంగునకును.

గాలి దిక్కు మారక బలము మాత్రము పెరుగుచున్నచో కేంద్రము సూటిగా మీమీదికే వచ్చుచున్నది. అది చేరగానే గాలి ఆగును, మబ్బు విచ్చును. పసులను చూచుటకు జనులు వెలికి వత్తురు. ఆ నెమ్మది అరగంటయో గంటయో. పిదప గాలి ఎదురు దిక్కునుండి విరుచుకొనిపడును. ఈశాన్యపు గాలికి నిలిచిన తాటాకు కప్పు నైరృతి గాలికి లేచిపోవునది అప్పుడే.