మోషన్ సెన్సర్ కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులు



మన సంఘాల్లో చాలామందిమి ఇంట్లోనే కుట్టు మిషన్, మగ్గం పెట్టుకుని పని చేస్తున్నాం. ఆర్డర్ బట్టలు, సంఘం పుస్తకాలు అన్నీ ఆ గదిలోనే ఉంటయి. పెండ్లికో పండుగకో తాళం వేసి ఊరికి పోతే మనసంతా ఇంటి మీదనే. అందుకే మీటింగుల్లో "మోషన్ సెన్సర్ కొందామా?" అన్న మాట వస్తున్నది. అది ఎట్ల పనిచేస్తదో ముందు తెలుసుకుందాం.

మన ఒంటి వేడి కంటికి కనబడని కిరణాలుగా బయటికి వస్తది. వాటిని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అంటారు. ఇండ్లల్లో ఎక్కువగా వాడే పీఐఆర్ సెన్సర్ తాను ఏ కిరణమూ పంపదు, వచ్చే వేడిని గమనిస్తది అంతే. దాని ముందరి తెల్ల ప్లాస్టిక్ అద్దం గదిని వరుసలు వరుసలుగా విడగొడుతది. మనిషి ఒక వరుస దాటి ఇంకో వరుసలోకి రాగానే వేడిలో తేడా పట్టి సైరన్ మోగిస్తది.

అందుకే ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం. మనిషి ఎదురుగా నడిచి వస్తే ఆలస్యంగా పడుతది, అడ్డంగా దాటితే వెంటనే పడుతది. సుమారు ఏడడుగుల ఎత్తున, గది మూలకు పెట్టాలి. ఎండ పడేచోట, పొయ్యికి ఎదురుగా పెట్టొద్దు. పిల్లి తిరిగినా, బల్లి దాని మీద పాకినా ఊరికే మోగొచ్చు. కిటికీ అద్దం వెనక నుంచి బయటి మనిషిని అది పట్టలేదు. ఎండాకాలం గది వేడి ఒంటి వేడికి దగ్గరైతే దాని చురుకు తగ్గుతది.

2018 సెప్టెంబరులో మన పాతబస్తీ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు వెంటిలేటర్ గుండా దిగి బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసర్, చెంచా ఎత్తుకపోయారు. కెమెరాను పక్కకు తిప్పేశారు. కొద్దిరోజుల్లోనే పోలీసులు ఇద్దరిని పట్టుకుని సొత్తు తెచ్చారు. దొంగ తలుపు నుంచే రావాలని లేదు. మన ఇండ్లకు డాబా మెట్లు, వెంటిలేటర్లు ఉన్నయి. ముందు వాటికి జాలీ, గట్టి గడియ పెట్టించి, ఆ తర్వాతే సెన్సర్ సంగతి చూద్దాం.

సైరన్ మోగితే వినేవాళ్లు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఊరెళ్లేవాళ్ల ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెట్టి, హెచ్చరిక తమ కంట్రోల్ రూమ్‌కే వచ్చేటట్లు చేశారు. మనం ఊరికి పోయేముందు పోలీస్ స్టేషన్‌లో చెబుదాం, గల్లీలోని ఇద్దరు సభ్యులకు కూడా చెబుదాం. ఫోన్‌కు హెచ్చరిక వస్తే వాళ్లకు చెప్పాలి. వాళ్లు లోపలికి పోవద్దు, ఇరుగుపొరుగును లేపి 100కు ఫోన్ చేయాలి. సంఘం డబ్బు మాత్రం ఏ ఇంట్లోనూ ఉంచొద్దు, బ్యాంకులోనే వేద్దాం.

సెన్సర్ మనకు కబురు చెబుతది. ఇల్లు కాపాడుకునేది మాత్రం మనమే, ఒకరికొకరం.